గుండీల డబ్బాలో రిలే

మోటార్ల మేస్త్రికి రోజూ తెల్లారేది ఎదురు మేడ మీది నీళ్ళ మోటారుతోనే. అది మొదలైన చప్పుడు వినగానే పక్క మీంచి లేవకుండానే దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేసేవాడు. "బేరింగు పోతోంది దానికి. ఇవాళో రేపో నా దగ్గరికే వస్తుంది, చూడు" అనేవాడు పైకప్పు వైపు చూస్తూ. భార్య అప్పటికే లేచి కుట్టుమిషను ముందు కూర్చుని ఉండేది. బడిపిల్లల చొక్కాలు కుడుతుంది ఆవిడ. ఆయన ఏమన్నాడో సగం వినీ వినకుండా "మీ ఇష్టం" అనేది.

ఆ ఇంట్లో మీ ఇష్టం అనే మాట ఉప్పులాంటిది. అన్నిట్లోనూ పడేది. ఏం వండుతావంటే మీ ఇష్టం. గోడకి ఏ రంగు వేయిద్దామంటే మీ ఇష్టం. అద్దె ఎక్కువని ఇల్లు మారదామన్నప్పుడూ మీ ఇష్టమే, వద్దులే ఇక్కడే ఉందామన్నప్పుడూ మీ ఇష్టమే. ఇంత సుళువైన మనిషి దొరకడం తన అదృష్టమని మేస్త్రి అనుకునేవాడు.

ఆ ఊళ్ళో చలికాలం వచ్చిందంటే ఎవరు మాట మింగుతున్నారో దాచడం కష్టం. మింగిన మాట కడుపులో ఎంతకాలమని ఉంటుంది. ఊపిరితోపాటు బయటికొచ్చి చల్లటి అద్దాన్ని పట్టుకుంటుంది, పాల మీద మీగడ కట్టినట్టు. బ్యాంకులో గాజు పలక వెనక కూర్చునే అమ్మాయి మధ్యాహ్నమయ్యేసరికి బయటివాళ్ళకి కనపడేది కాదు. పెద్ద పంతులుగారి ఎదుట నిలబడి వచ్చిన చిన్న పంతులు కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లు దిగేవాడు. క్షవరం షాపులో అద్దం మాత్రం ఎంత చలిలోనైనా తళతళలాడుతూ ఉండేది. అక్కడ మాట మింగేవాడెవడు? జనం గుడ్డపీలిక ఒకటి దగ్గర పెట్టుకునేవారు, మసక వేస్తే తుడుచుకునేవారు, మరీ ఎక్కువైతే కిటికీ తెరిచేవారు. ఎండలొస్తే ఆ బాధ తీరిపోయేది.

కార్లున్నవాళ్ళకి ఆ గుడ్డపీలిక కూడా అక్కర్లేదు. గాలిని ముందు అద్దం మీదికి తిప్పితే చాలు, ఏసీ బటను నొక్కకపోయినా కంప్రెసరు తనంతట తానే అందుకుంటుంది. లోపలి తేమనీ, ఆ తేమలో ఉన్న మాటల్నీ పీల్చేసి బండి కింద నేల మీద బొట్లు బొట్లుగా వదిలేస్తుంది. మేస్త్రి తన పాత కారు నిలబెట్టే చోట, గోడ వారన, గడ్డి మోకాలెత్తున పచ్చగా పెరిగేది. కాలువ తడి తగులుతోందని ఆయన అనుకునేవాడు.

టీ కొట్టు దగ్గర ఆయన చెప్పుకునే గొప్ప ఒకటుంది. "మా ఆవిడ పక్కన కూర్చుంటే నా బండి అద్దం మీద ఆవగింజంత మసక రాదు. కడుపులో ఏదీ పెట్టుకోదు. పెట్టి పుట్టాలి" అనేవాడు. వినేవాళ్ళు నిజమేననేవారు, అసూయగా.

అంతా బాగానే ఉండేది కానీ మోటార్లు చుట్టేవాడికి పని లేకుండా తిరిగే మోటారు చెవిలో దూరిన చీమతో సమానం. వంతెన ఎక్కేటప్పుడల్లా ఆ కంప్రెసరు టక్కుమని పట్టుకునేది, ముసలి ఇంజను ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మూలిగేది. "నేను నొక్కలేదు, నేను చెప్పలేదు. చలికాలంలో దీన్నెవడు తిరగమన్నాడు? నాకు చెప్పకుండా నా బండిలో ఏదీ తిరగడానికి వీల్లేదు" అని ఒక సెలవు రోజు పొద్దున బానెట్ ఎత్తాడు. ఫ్యూజుల పెట్టె మూత తీసి, పంచదార బిళ్ళంత నల్ల ముక్క ఒకటి పీకాడు. దాన్నే రిలే అంటారు. అది లేకపోతే కంప్రెసరు క్లచ్‌కి కరెంటు అందదు. కప్పీ మటుకు బెల్టుతో ఊరికే తిరుగుతూ ఉంటుంది, లోపలి యంత్రం నిద్రపోతుంది.

భార్య పక్కనే నిలబడి చూస్తోంది. మసక వేస్తుందేమోనండీ అన్న మాట గొంతుదాకా వచ్చింది ఆవిడకి. "పారెయ్యకు, ఎండాకాలం కావాలి" అని ఆయన చేతికిస్తే, "మీ ఇష్టం" అని లోపలికి తీసుకెళ్ళి గుండీల డబ్బాలో, నల్ల గుండీల మధ్య పెట్టింది.

తర్వాత ఆయన ఒక్కడే ఆ కారులో తిరిగాడు. ఆయనకి నోటికొచ్చిందల్లా అనేసే అలవాటు, అంచేత అద్దం పెద్దగా మసకబారలేదు. ఏదో కొద్దిగా వస్తే తుడిచేవాడు. ఇంజను తేలిగ్గా వంతెన ఎక్కుతుంటే ఈల వేసుకునేవాడు.

ఆ వారంలోనే మైకమ్మ పడింది.

మైకమ్మ మేస్త్రికి అక్క. పెళ్ళి చేసుకోలేదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పే ఉద్యోగంలో జుట్టు నెరిసింది. ఉద్యోగం అయిపోయాక కూడా ఆ పక్కనే మేడ మీద ఒక గదిలో అద్దెకుండేది. నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ మేడ మెట్ల మీదే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాక ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

"తమ్ముడుండగా అక్క ఎక్కడికి పోతుంది? కిటికీ గదిలో మంచం వేద్దాం" అన్నాడు మేస్త్రి.

కిటికీ గది అంటే మేస్త్రి తల్లి ఏళ్ళ తరబడి మంచాన పడి ఉన్న గది. ఆవిడని పక్క మీద ఇటూ అటూ తిప్పడం, ఎత్తి కూర్చోబెట్టడం, తుడవడం, బట్టలు మార్చడం, అన్నీ కోడలే చేసింది. అత్తగారు పోయాక ఆవిడ ఆ గదిని రెండుసార్లు కడిగి, ఇనప మంచం విప్పించి అటక ఎక్కించి, కుట్టుమిషను తెచ్చి కిటికీ కింద పెట్టుకుంది. సూది మీద ఎడమవైపు నుంచి వెలుతురు పడేది. అంత హాయి తన జన్మలో ఎరగదు ఆవిడ. కొన్ని మధ్యాహ్నాలు కుట్టకుండా ఊరికే అక్కడ కూర్చునేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

కిటికీ గది అని ఆయన అన్నప్పుడు కూడా మీ ఇష్టమనే అంది. ఆ సాయంత్రమే ఆయన మిషనుని ఈడ్చుకెళ్ళి మెట్ల కింద, చెప్పుల అర పక్కన పెట్టాడు. అటక మీంచి మంచం దింపాడు. బోల్టులు బిగించేటప్పుడు ఏది ఎక్కడ పడుతుందో ఆయనకి తెలియలేదు. ఆవిడ చేతులకి తెలుసు.

మర్నాడు ఇద్దరూ కారులో ఆసుపత్రికి బయల్దేరారు. సందు మలుపు తిరక్కముందే అద్దం తెల్లబడింది. ఆయన తుడిచాడు, మళ్ళీ వచ్చింది. గాలి అద్దం మీదికి తిప్పాడు. టక్కుమనే చప్పుడు లేదు, ఉత్త గాలి వచ్చింది. "చలి ముదిరింది" అని నాలుగు కిటికీలూ దించేశాడు. చెవులకి గుడ్డలు చుట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా ఆసుపత్రి చేరారు.

ఆసుపత్రిలో మైకమ్మ చక్రాల కుర్చీలో తయారుగా కూర్చుని, వార్డులో ఏ మంచం మీదివాళ్ళు ఎప్పుడు ఇంటికెళ్తారో గట్టిగా చెబుతోంది. పక్కన నర్సు మందులు ఎలా వెయ్యాలో చెప్పింది. పడుకుని పడుకుని ఛాతీలో కఫం పట్టింది కాబట్టి చలిగాలి సోకనివ్వద్దని, కారు కిటికీలు వేసే ఉంచాలని గట్టిగా చెప్పింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీవాళ్ళకి చెప్పారా?" అని మైకమ్మని అడిగింది.

"దారి పొడుగునా చెబుతూనే ఉంటాలే" అంది మైకమ్మ. తర్వాత ఆసుపత్రి దుప్పట్లు ఎంత పలచనో చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడని వెనక సీట్లో దిళ్ళ మధ్య సర్ది కిటికీలన్నీ ఎత్తేశారు. పెద్ద రోడ్డెక్కి, వంతెన మొదట్లోకి వచ్చేసరికి ముందు అద్దం సున్నం కొట్టిన గోడలా తయారైంది. మేస్త్రి ఒక చేత్తో తుడుస్తూ ఒక చేత్తో నడిపాడు. తుడిచిన చోటు తుడిచినట్టే పూడుకుపోయింది. ఇంక ఏమీ కనపడక రోడ్డు మధ్యలోనే ఆపేశాడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"అక్కా, నీ మనసులో ఏదన్నా ఉంటే అనెయ్యి" అన్నాడు విసుగ్గా.

"నా సంగతి ఊరందరికీ తెలుసు. ముందు అద్దం సరిగ్గా చూడరా, ఎవరి వైపు నుంచి వస్తోందో."

ఆయన చూశాడు. మసక భార్య ముందు మొదలై, అక్కణ్ణించి ఆయన వైపు పాకుతోంది. ఆవిడ ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకో పొర పడుతోంది. ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. టీ కొట్టు గుర్తొచ్చిందేమో, మొహం పాలిపోయింది.

"నీదా?" అన్నాడు.

ఆవిడ తల వంచుకుంది. నలుగురిలో దొంగసొత్తు ఒళ్ళోంచి జారి పడ్డట్టుంది ఆవిడకి.

"రిలే ఎక్కడ పెట్టావు?"

"గుండీల డబ్బాలో."

"డబ్బా తెచ్చావా?"

"మెట్ల కింద ఉంది. మీరే జరిపారుగా."

ఆ చివరి మాట ఆవిడ అనాలని అన్నది కాదు. జారింది. అది జారగానే అద్దం మీద గుండీ అంత మేర తేటపడింది. ముగ్గురూ దాన్నే చూశారు. అందులోంచి ముందున్న వ్యాను వెనక దీపం ఒకటి ఎర్రగా కనిపించింది.

అంతలో ట్రాఫిక్ పోలీసు వచ్చి కిటికీ మీద కొట్టాడు. మేస్త్రి అద్దం వేలెడు దించాడు. పోలీసు లోపలికి తొంగి చూసి, ఆ తెల్లదనం చూసి, భార్యనీ భర్తనీ మార్చి మార్చి చూశాడు. "ఏముంటే అది అనేసుకుని కదలండి. వెనక బస్సు ఉంది" అని వెళ్ళిపోయాడు. రోజూ ఎన్ని బళ్ళు చూడడం లేదు ఆయన.

"అక్కడ చీకటి" అంది ఆవిడ.

"ఎక్కడ?"

"మెట్ల కింద. సూదిలో దారం ఎక్కదు." గుండీ అంత తేట పళ్ళెమంత అయింది. ఆవిడ మొగుడి వైపు చూడలేదు, వెనక్కి తిరగలేదు, ఆ పళ్ళెంతోనే మాట్లాడింది. "కిటికీ గది నాకు కావాలి."

వెనక నుంచి మైకమ్మ గొంతు వచ్చింది, ఎప్పుడూ లేనంత మెల్లగా. "మరి నేనెక్కడ పడుకోవాలమ్మా?"

"వదినా, అత్తయ్యని తిప్పి తిప్పి నా కుడి భుజం పైకి లేవదు. జుట్టు కూడా ఎడమ చేత్తోనే దువ్వుకుంటాను. ఎవరికీ చెప్పలేదు. ఇంక ఎవర్నీ తిప్పలేను. మీ మీద కోపం లేదు. నాకు ఓపిక లేదు."

"అంత బరువా నేను?"

ఇంకెప్పుడైనా అయితే అయ్యయ్యో అదేం మాట వదినా అని ఉండేది. మైకమ్మ కూడా దానికోసమే అడిగింది. ఆవిడ నోరు తెరిచి, ఆగి, "బరువే" అంది.

తెర పక్కకి లాగినట్టు అద్దం తేటపడింది. వంతెన, దాని మీద పొగమంచు, రమ్మని ఊపుతున్న పోలీసు చెయ్యి, అన్నీ ఒక్కసారి కనిపించాయి. మేస్త్రి గేరు వేశాడు. కారు వంతెన ఎక్కుతుంటే ఈల వెయ్యలేదు.

వంతెన మధ్యలో మైకమ్మే అంది. "ఎదురింటి మోటారుకి ఆయాసమొస్తే పక్క మీంచి వినిపిస్తుంది వీడికి."

ఆ మాటతో ఆవిడ నోరు కూడా మూతపడింది. వంతెన దిగాక మేస్త్రి వెనక వచ్చే బళ్ళ కోసం పైనున్న చిన్న అద్దంలోకి చూస్తే ఏమీ కనపడలేదు. వెనక అద్దం, రెండు పక్కల అద్దాలు, తెల్లగా బిగిసిపోయి ఉన్నాయి. ఇంత వాగే మనిషి కడుపులో ఇంత ఉందా అని ఆయన తెల్లబోయాడు. వాగినదంతా దాన్ని కప్పడానికేనేమో.

"అక్కా" అన్నాడు, "వెనకదంతా నీదే."

కారు బస్టాండు ముందుకి వచ్చింది. మైకమ్మ పక్కకి ఆపమంది. పెదవులు తడుపుకుంది. రెండుసార్లు మొదలుపెట్టి మానేసింది. సొంత మాట చెప్పడం ఆవిడకి అలవాటు లేదు, అన్నేళ్ళూ చెప్పింది బస్సుల మాటే. చివరికి గొంతు సవరించుకుని మైకు గొంతుతో అందుకుంది.

"ప్రయాణికులకు మనవి. తమ్ముడి ఇంటికి వెళ్ళవలసిన ప్రయాణం రద్దు చేయడమైనది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆవిడ మామూలు గొంతులోకి దిగింది. బస్టాండులో సామాన్ల గది చూసే ఆవిడ ఉందిగా, ఆవిడది నేల వాటా, మెట్లు లేవు, వచ్చి తనతో ఉండమని పడకముందు నుంచీ అడుగుతోంది, ఇద్దరం ముసలివాళ్ళమే, ఒకరికొకరం కనిపెట్టుకుని ఉంటాం, తమ్ముణ్ణి వదిలి పరాయివాళ్ళింట్లో ఉందంటే నీకు తలవంపులని చెప్పలేదు, అంది.

"ఇంకోటి కూడా ఉంది" అంది. "ఆ ఇనప మంచం మీద నేను పడుకోను. అమ్మ దాని మీంచి లేవలేదు. నాకు లేవాలనుంది."

వెనక అద్దాలన్నీ తేటపడ్డాయి. బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తూ కనిపించాయి. వాటిని చూస్తూ ఆవిడ అలవాటుగా ఏదో గొణుక్కుంది, ఏది ఎక్కడ ఆగాలో.

సామాన్ల గది ఆవిడ ఇల్లు బస్టాండు వెనక సందులోనే. కారు ఆగిన చప్పుడికి ఆవిడ ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ముందే అనుకున్నట్టు ఉంది, వీళ్ళనేమీ అడగలేదు. కానీ ఆవిడా పుల్లలా ఉంది, వంగితే లేవలేనట్టు. ఆవిడ ఎత్తేది కాదు, మైకమ్మ తనంతట లేచేది కాదు.

మేస్త్రి దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళకి ఎదురుగా, అరచెయ్యంత మసక ఒకటి మిగిలిపోయి ఉంది. చేత్తో తుడిచాడు. మళ్ళీ వచ్చింది. గుడ్డ తీసుకుని తుడిచాడు. మళ్ళీ వచ్చింది. భార్య చూసింది. ఎవరు మింగిన మాట వాళ్ళే అనెయ్యాలి.

"నాకు రాదు" అన్నాడు చివరికి.

"ఏం రాదు?"

"మనిషిని ఎత్తడం. అమ్మని ఎత్తే వేళకి నేనెప్పుడూ కొట్లో ఉండేవాణ్ణి. ఎలా ఎత్తాలో చెప్పు. పొద్దునా సాయంత్రం నేను వచ్చి చూసుకుంటాను. అక్క నాది."

ఆ మసక పోయిందో లేదో ఆయన చూసుకోలేదు, తలుపు తీసుకుని దిగేశాడు. భార్య కూడా దిగి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పక్కన నిలబడి చెప్పింది. నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. చంకల కింద నుంచి చేతులు పోనివ్వండి. మీ ఛాతీకి ఆనించుకోండి, లాగకండి.

ఆయన చేతులు పెట్టబోతే ఆపింది. "ముందు ఆవిడకి చెప్పండి, లేపుతున్నానని. చెప్పకుండా ఎత్తితే మనిషి బిగుసుకుపోతుంది, ఇద్దరికీ నొప్పి."

"అక్కా, లేపుతున్నాను" అన్నాడు మేస్త్రి.

ఎత్తడం వంకరగానే ఎత్తాడు. మైకమ్మ పళ్ళు బిగించి కుర్చీలో పడింది. మందుల సంచీ అందిస్తున్నప్పుడు మరదలి మొహం వైపు చూడలేదు. లోపలికి తిప్పుతుండగా మాత్రం, గుమ్మంతో చెప్పినట్టు, "ఆ మిషను కిటికీ కిందికి జరిపించుకో. అదీ బరువే, వాణ్ణి జరపమను" అంది. వెక్కిరింపో దీవెనో తెలియలేదు. మరదలు రెండూ తీసుకుంది.

ఇంటికెళ్ళాక మేస్త్రి మిషనుని మళ్ళీ ఈడ్చుకొచ్చి కిటికీ కింద పెట్టాడు. ఇనప మంచం బోల్టులు విప్పాడు. ఆ రోజు నుంచీ పొద్దున ఒకసారి, కొట్టు కట్టేశాక ఒకసారి సామాన్ల గది ఆవిడ ఇంటికి వెళ్ళొచ్చేవాడు. వచ్చాక నడుం పట్టుకుని గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. ముసలివాళ్ళ కాపురం ఎన్నాళ్ళు సాగుతుందో ఎవరికీ తెలియదు. మైకమ్మ మాత్రం పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఆయన తన పాత గొప్ప చెప్పడం మానేశాడు, అడిగినవాళ్ళూ లేరు. గోడ వారన గడ్డి పచ్చదనం తగ్గి పసుపురంగుకి తిరిగింది.

ఒక పొద్దున ఆయన ఏదో గుండీ కోసం డబ్బా మూత తీసి, నల్ల గుండీల మధ్య నుంచి రిలేని వేళ్ళతో పట్టుకుని పైకి తీశాడు. మిషను ముందు కూర్చున్న భార్యకి చూపించాడు.

"పెట్టెయ్యనా? అద్దం బాధ ఉండదు."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మీ ఇష్టం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. ఎదురుగా కిటికీ అద్దం మీద, ఊపిరంత మేర, కొద్దిగా మసక కట్టింది.

"వద్దు" అంది.

ఆయన రిలేని తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఎదురు మేడ మీద మోటారు మొదలైంది. బేరింగు కీచుమంటోంది, గోడవతల చెవిటివాడికైనా వినపడేలా. ఆయన దాని ఊసెత్తలేదు.

"భుజం ఎలా ఉంది?" అన్నాడు.

ఆవిడ దారం ఎక్కించి, కొస ముడి వేసింది.

"నొప్పిగానే ఉంది" అంది.